వేలి 'నరం' పట్టేసిందని లాగించుకుంటున్నారా? బండలెక్కేవాళ్లు తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదీ..

అమ్రాబాద్: బండ అంచు మీద నాలుగు వేళ్లు ఆనించి పైకి లేస్తుంటే కాలు జారుతుంది. ఒంటి బరువంతా ఒక్కసారిగా ఆ వేళ్ల మీద పడుతుంది. ఎండుపుల్ల విరిగినట్టు 'టప్' మని చిన్న చప్పుడు. చూస్తే రక్తం లేదు, ఎముక విరిగినట్టూ లేదు. వేలు కదులుతూనే ఉంటుంది. 'నరం పట్టేసిందిలే, రెండు రోజులు తోమించుకుంటే పోతుంది' అంటారు పక్కనున్నవాళ్లు. అసలు నష్టం మొదలయ్యేది అక్కడే.

బండలెక్కడం ఇప్పుడు తెలంగాణలో కొత్త ముచ్చటేం కాదు. భువనగిరి కోట బండ మీద శిక్షణ మొదలుపెట్టిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కి వచ్చారు. హైదరాబాద్‌లో ఏసీ హాళ్లలో కృత్రిమ గోడలు ఎక్కే కుర్రాళ్లు పెరిగారు. టోక్యో ఒలింపిక్స్ నుంచి ఇది మెడల్ ఇచ్చే ఆట కూడా. కానీ నల్లమలలో ఇది ఆట కాదు. అమ్రాబాద్ అడవుల్లో చెంచులు తరతరాలుగా కొండ చరియల్లోకి తాడు మీద దిగి తేనె తీస్తున్నారు. సిటీ కుర్రాడికైనా, పెంటలో ఉండే చెంచుకైనా వేలి లోపలి నిర్మాణం ఒక్కటే. దెబ్బ తగిలితే కోలుకునే లెక్కా ఒక్కటే. తేడా ఎక్కడంటే.. ఒకరికి మూడు నెలలు పోతే సరదా పోతుంది, ఇంకొకరికి ఆ ఏటి తేనె సీజనే పోతుంది.

అది 'నరం' కాదు

మన దగ్గర ఒంట్లో దారంలా ఉన్నదాన్నల్లా నరం అనేస్తాం. రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, వేలిని ముడిచేదీ నరమే. డాక్టర్ దగ్గర మాత్రం ఈ మూడూ వేర్వేరు. వేలిని ముడిచేదాన్ని టెండన్ అంటారు, తెలుగులో స్నాయువు. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, వేళ్లలో కండ ఉండదు. వేళ్లను ముడిచే ప్రధాన కండరాలు మోచేతి కింద, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి గట్టి తాళ్లలా టెండన్లు మణికట్టు, అరచేయి దాటుకుని వేళ్లలోకి వస్తాయి. బొటనవేలు వదిలేస్తే ఒక్కో వేలికి ఇలాంటివి రెండు. ఒకటి నడిమి కణుపు దగ్గర ఆగుతుంది, రెండోది వేలి కొన దాకా పోతుంది.

సైకిల్ బ్రేక్ వైరును గుర్తు తెచ్చుకోండి. వైరు ఫ్రేమ్‌కు అంటుకుని ఉండాలంటే అక్కడక్కడా క్లిప్పులు కావాలి. క్లిప్పు ఊడితే బ్రేక్ నొక్కినప్పుడల్లా వైరు ఫ్రేమ్ నుంచి ఎత్తుకుని దూరం జరుగుతుంది. వేలిలో కూడా అంతే. టెండన్‌ను ఎముకకు అదిమి ఉంచడానికి ఐదు గట్టి పట్టీలు ఉంటాయి. డాక్టర్లు వీటిని పుల్లీలు అంటారు, ఏ1 నుంచి ఏ5 వరకు నంబర్లు పెట్టారు. వేలి మొదట్లో ఉండే ఏ2, నడిమి ముక్కలో ఉండే ఏ4.. ఈ రెండే ఎక్కువ బరువు మోసేవి. బండలెక్కేవాళ్లకు సాధారణంగా తెగేది టెండన్ కాదు, ఈ క్లిప్పే. అదీ ఎక్కువగా ఉంగరం వేలిలో, ఆ తర్వాత మధ్య వేలిలో.

ఒక్క పట్టు.. మూడింతల బరువు

సన్నటి అంచు దొరికినప్పుడు చేయి తనంతట తానే ఒక పట్టు పడుతుంది. నడిమి కణుపు బాగా వంగుతుంది, కొన కణుపు వెనక్కి విరుచుకుంటుంది, బొటనవేలు పైనుంచి నొక్కుతుంది. క్లైంబర్లు దీన్ని 'క్రింప్' అంటారు. పట్టు గట్టిగానే ఉంటుంది. కానీ వంగిన చోట టెండన్ బయటికి తన్నుకొస్తుంటే దాన్ని ఆపాల్సిన భారమంతా ఏ2 మీద పడుతుంది. వేలి కొన మీద ఉన్న బరువుకు మూడింతల పైనే అక్కడ పడుతుందని పరిశోధకుల అంచనా. అదే వేళ్లను సగం చాచి, కొనలను కొక్కెంలా వేలాడేస్తే ఏ2 మీద ఒత్తిడి చాలా తక్కువ.

నల్లమల రాయి కూడా ఈ ప్రమాదానికి తగినట్టే ఉంటుంది. ఇక్కడివి ఎక్కువగా క్వార్ట్‌జైట్ రాళ్లు. పొరలు పొరలుగా విడిపోయి, పదునైన సన్నటి అంచులతో నిలబడతాయి. భువనగిరి లాంటి నున్నటి ఏకశిల మీద పాదాల రాపిడితో నడిచినట్టు ఎక్కొచ్చు. ఇక్కడ అలా కుదరదు, అంచులు పట్టుకోవాల్సిందే. అన్నట్టు ఇదంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. అటవీ శాఖ అనుమతి లేకుండా తాళ్లేసుకుని కొండలెక్కుతామంటే కుదరదు. సలేశ్వరం జాతరకు లోయలోకి దిగే భక్తులు కూడా కాలు జారినప్పుడు చేతికందిన అంచును ఇలాగే పట్టుకుంటారు. ఈ దెబ్బ తగలడానికి క్లైంబరే అయ్యుండక్కర్లేదు.

చెంచుల పట్టు వేరు

తేనె తీసే చెంచులు అంచుల మీద ఆధారపడరు, తాడు మీద ఆధారపడతారు. అడవి తీగలతో పేనిన తాడును కొండ పైన చెట్టుకో బండకో కట్టి, చరియ కిందికి దిగి, పొగ పెట్టి పెద్ద తేనెటీగల పట్టు కోస్తారు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది బావమరిది అని చెబుతారు. అక్క పసుపు కుంకాల మీద ఆశ ఉన్నవాడు తాడు వదలడన్నది అందులోని లెక్క. సేఫ్టీ మేనేజర్లు లేని కాలంలో ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంటుంది?

తాడును అరచేయి నిండా, పిడికిలి బిగించి పట్టుకుంటారు కాబట్టి బరువు అరచేతికీ వేళ్లన్నిటికీ పంచుకుపోతుంది. ఏ ఒక్క పుల్లీ మీదా మొత్తం పడదు. ప్రమాదం ఉన్నది రెండు చోట్ల. తాడు ఒక్క జర్కుతో జారి వేలి కొనను లాక్కెళ్లినప్పుడు టెండన్ ఎముక నుంచి ఊడి రావచ్చు. ఇది కూడా ఎక్కువగా ఉంగరం వేలికే అవుతుంది. రెండోది కత్తి. పట్టు కోసేటప్పుడు పట్టు తప్పి వేలి లోపలి వైపు కోసుకుంటే టెండనే తెగిపోతుంది. పైకి చిన్న గాటులా కనిపిస్తుంది. పసుపు అద్ది గుడ్డ కట్టేస్తారు. నాలుగు వారాల తర్వాత గాయం మానుతుంది గానీ వేలు ముడుచుకోదు.

వింటినారిలా లేచిందా?

పుల్లీ పూర్తిగా తెగితే ఒక గుర్తు కనిపిస్తుంది. వేలు వంచి దేన్నైనా నొక్కితే చర్మం కింద టెండన్ ఎముక నుంచి దూరంగా లేచి నిలబడుతుంది. డాక్టర్లు దీనికి పెట్టిన పేరుకు అర్థం వింటినారి. బాణం పట్టే చెంచులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వంగిన విల్లు వేలి ఎముక అయితే, దానికి దూరంగా బిగుసుకున్న నారి టెండన్.

వాపు ఎక్కువగా ఉన్నప్పుడు ఇది కంటికి కనిపించకపోవచ్చు. అందుకే అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేస్తారు. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ లాంటిదే, వేలి మీద పెడతారు. వేలితో నొక్కిపట్టమని చెప్పి, టెండన్‌కూ ఎముకకూ మధ్య దూరం కొలుస్తారు. ఏ2 దగ్గర ఆ దూరం 2 మిల్లీమీటర్లు దాటితే పుల్లీ తెగిందని అనుమానిస్తారు. ఎక్స్‌రేలో పుల్లీ కనిపించదు. కాబట్టి 'ఎక్స్‌రే తీయించాం, ఏం లేదన్నారు' అని ఇంటికి వచ్చేస్తే సగం పరీక్షే అయినట్టు. అలాగని ఎక్స్‌రే వద్దని కాదు, ఎముక ముక్క ఊడిందేమో తెలిసేది దానితోనే.

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. దెబ్బ తగిలిన వేలి నడిమి కణుపును రెండో చేత్తో కదలకుండా పట్టుకుని, కొన కణుపు ఒక్కదాన్నే వంచి చూడాలి. అస్సలు వంగకపోతే కొన దాకా పోయే టెండన్ తెగిందనో, ఊడిందనో అనుమానించాలి. తర్వాత మిగతా మూడు వేళ్లనూ చాచి పట్టి, ఆ వేలిని నడిమి కణుపు దగ్గర వంచి చూడాలి. అది వంగకపోతే రెండో టెండన్ సంగతి అనుమానమే. చిటికెన వేలికి మాత్రం ఈ రెండో పరీక్షను నమ్మలేం, కొందరికి మామూలుగానే అది విడిగా వంగదు. ఏ కణుపైనా కొత్తగా వంగడం మానేసినా, వేలి కొన తిమ్మిరెక్కినా, తెల్లబడినా తెల్లారేదాకా ఆగొద్దు.

నాలుగు మెట్లు, నాలుగు గడువులు

క్లైంబర్ల వేళ్లకు వైద్యం చేసే డాక్టర్లు పుల్లీ దెబ్బను నాలుగు స్థాయిలుగా చూస్తారు. మొదటిది సాగడం వరకే. రెండోది ఏ2 కొంత చిరగడం లేదా ఏ4 పూర్తిగా తెగడం. ఈ రెండిట్లో నాలుగు వారాలకు తేలికపాటి ఎక్కుడు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు పూర్తి పని సాధ్యమే. మూడోది ఏ2 పూర్తిగా తెగడం. పది నుంచి పద్నాలుగు రోజులు వేలికి కదలిక లేకుండా ఉంచుతారు. ఆరు, ఎనిమిది వారాల తర్వాతే తేలిక ఎక్కుడు, పూర్తిగా కోలుకోవడానికి దాదాపు మూడు నెలలు. ఇక్కడిదాకా ఆపరేషన్ అవసరం సాధారణంగా రాదు. ఈ మాట వినగానే చాలామందికి ఆశ్చర్యం. పూర్తిగా తెగినా కుట్లు వేయరా అంటే, అవును, ఒక్కటే తెగితే వేయరు. పక్కనున్న పుల్లీలు భారం పంచుకుంటాయి, తెగిన చోట కొత్త మచ్చ కణజాలం పెరిగి గట్టిపడుతుంది.

నాలుగో స్థాయిలో మాత్రం ఒకటి కంటే ఎక్కువ పుల్లీలు తెగి ఉంటాయి. అప్పుడు ఆపరేషన్ చేస్తారు. మణికట్టు దగ్గర అంత అవసరం లేని ఒక సన్నటి టెండన్ ఉంటుంది, చాలాసార్లు దాన్నే తీసి వేలి చుట్టూ పట్టీలా కడతారు. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు, వాళ్లకు వేరే చోటి నుంచి తీస్తారు. పూర్తిగా కోలుకోవడానికి ఆరు నెలలు పడుతుంది.

లాగొద్దు, తోమొద్దు, మరీ పడుకోబెట్టొద్దు

దెబ్బ తగిలిన రోజు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. ఎక్కడం ఆపేయాలి. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయాలి. గుడ్డలో చుట్టిన ఐసో, చల్లటి నీళ్ల పట్టీయో పెట్టి చేయి గుండె కంటే పైకి ఉంచాలి. చేయకూడనివే ఎక్కువ. వేలు పట్టి లాగి మెటికలు విరిపించుకోవడం, నూనె పెట్టి గట్టిగా తోమించుకోవడం, నాటు కట్టు కట్టించుకుని నెల దాకా విప్పకపోవడం. కట్టు బిగువుకు రక్తం ఆడకపోతే వేలే పోయే ప్రమాదం ఉంది. ఎముక కట్టుకు పేరున్న చోటైనా సరే, ఇది ఎముక దెబ్బ కాదన్న సంగతి మర్చిపోకూడదు.

పుల్లీ తెగిన వేలికి థర్మోప్లాస్టిక్‌తో చేసిన చిన్న రింగు తొడుగుతారు. అది తెగిన క్లిప్పు పని తాత్కాలికంగా తాను చేస్తుంది, టెండన్‌ను ఎముక వైపు అదిమి ఉంచుతుంది. రింగు ఉండగానే వేలు కదిలించొచ్చు. కదిలించాలి కూడా. టెండన్‌కు రక్తం సరఫరా తక్కువ, చుట్టూ ఉండే జిగట ద్రవం నుంచి కూడా అది పోషణ తీసుకుంటుంది. కదలిక లేకపోతే చుట్టూ అతుక్కుపోతుంది. అందుకే మొదటి రెండు వారాల తర్వాత నొప్పి పుట్టని మేరకు రోజూ నాలుగైదు సార్లు వేళ్లు చాచడం, కొక్కెంలా వంచడం, పిడికిలి పట్టడం చేయిస్తారు. అరచేతిలో చపాతీ పిండి ముద్ద పెట్టుకుని మెల్లగా నొక్కినా చాలు, ఫిజియోథెరపీ సెంటర్‌లో ఇచ్చే రంగుల ముద్ద కూడా చేసే పని అదే.

ఆ తర్వాతదే అసలు కష్టమైన దశ. నొప్పి పోతుంది, బలం మాత్రం రాదు. ఎంత బరువు పెట్టాలో తెలియక కొందరు అసలు పెట్టరు, కొందరు ఒకేసారి బండ మీదికి పోతారు. దీనికి ఇంట్లోనే ఒక మార్గం ఉంది. రెండు సెంటీమీటర్ల మందం చెక్క ముక్కకు తాడు కట్టి, దానికి ప్లాస్టిక్ బకెట్ వేలాడదీసి, చెక్క అంచును వేళ్ల కొనలతో పట్టుకుని పైకెత్తాలి. లీటరు నీళ్లు పోస్తే కిలో పెరిగినట్టు. రెండు లీటర్లతో మొదలుపెట్టి, వారానికి కొంత పెంచుకుంటూ పోవచ్చు. వేళ్లు సగం చాచిన పట్టుతోనే, క్రింప్‌తో కాదు. నొప్పికి పదికి మార్కులు వేసుకుంటే రెండు, మూడు దాటకూడదు. మర్నాడు పొద్దున లేచేసరికి వేలు ముందురోజు కంటే బిగుసుకుని ఉంటే రాత్రి పోసిన నీళ్లు ఎక్కువైనట్టే, ఒక మెట్టు దిగాలి.

టెండనే తెగితే లెక్క మారుతుంది

కత్తి తెగితే గానీ, టెండన్ ఊడితే గానీ పైన చెప్పిన ఓపిక పనికిరాదు. ఇక్కడ తొందరే వైద్యం. తెగిన టెండన్ కొస రబ్బరు బ్యాండులా వెనక్కి, అరచేతిలోకి జారిపోతుంది. మొదటి వారం పది రోజుల్లో అయితే వెతికి పట్టుకుని కలిపి కుట్టొచ్చు. మూడు వారాలు దాటితే కండ కుంచించుకుపోయి ఆ కొస ఇక అందకపోవచ్చు. అప్పుడు వేరే టెండన్ తెచ్చి అతకాలి, ఒక్కోసారి రెండు దశల్లో ఆపరేషన్ చేయాలి. వేలి మొదట్లో, రెండు టెండన్లూ ఒకే ఇరుకు గొట్టంలో పోయే చోటును సర్జన్లు ఒకప్పుడు ఎవరికీ చెందని నేల అని పిలిచేవారు. అక్కడ కుట్టినా అతుక్కుపోతుందన్న భయంతో చాలామంది చేయి పెట్టేవారే కాదు. 1960ల నుంచి కుట్టిన వెంటనే జాగ్రత్తగా కదిలించే పద్ధతులు వచ్చాక ఆ భయం తగ్గింది.

కుట్టు వేశాక రెండు, మూడు వారాల దగ్గర ఒక గమ్మత్తు జరుగుతుంది. నొప్పి తగ్గుతుంది, పైన చర్మం మానుతుంది. మనిషికి ధైర్యం వస్తుంది. లోపల కుట్టు మాత్రం అప్పుడే చాలా బలహీనంగా ఉంటుంది. ఆ రోజుల్లో కట్టెల మోపు ఎత్తినా, బిందె పట్టుకున్నా, బండి హ్యాండిల్ నొక్కినా తెగిపోవచ్చు. సుమారు ఆరు వారాలు చేతి వెనక పట్టీ ఉండాల్సిందే, బరువు పనులకు పన్నెండు వారాలు ఆగాల్సిందే. రోజు కూలి మీద బతికే ఇంట్లో పన్నెండు వారాలంటే ఎంతో చెప్పక్కర్లేదు. ఈ ఆపరేషన్లు విఫలమయ్యేది థియేటర్‌లో కంటే ఎక్కువగా ఇంటికి వచ్చాకే అనడానికి కారణం ఇదే.

అమ్రాబాద్ మండలంలో పెంటల నుంచి మన్ననూరు, అక్కడి నుంచి అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వరకు ప్రాథమిక వైద్యం, ఎక్స్‌రే దొరుకుతాయి. చేతి టెండన్ కుట్టాలంటే మాత్రం ప్లాస్టిక్ సర్జన్ ఉండే చోటికి, అంటే హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ లాంటి ఆస్పత్రులకు వెళ్లాలి. శ్రీశైలం హైవే మీద నూట ముప్పై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. రెఫరల్ చీటీ మీద 'వేలి గాయం' అని కాకుండా 'కణుపు వంగడం లేదు, టెండన్ అనుమానం' అని రాయించుకుంటే అక్కడి క్యాజువాలిటీలో సరైన విభాగానికి త్వరగా పంపుతారు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అన్నది బయల్దేరే ముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవడం మేలు.

పిల్లల వేళ్లు వేరు

గురుకులాల్లో, క్యాంపుల్లో బండలెక్కే 12 నుంచి 16 ఏళ్ల పిల్లల విషయంలో పైన చెప్పిందంతా పక్కన పెట్టాలి. ఎదిగే వయసులో పుల్లీ కంటే ఎముక చివర ఉండే ఎదుగుదల పొర బలహీనం. అందుకే వాళ్లకు 'టప్' మనే చప్పుడు ఉండకపోవచ్చు. మధ్య వేలి నడిమి కణుపు వెనక వైపు వారాల తరబడి మెల్లగా నొప్పి, కాస్త వాపు. కోచ్‌లు, పిల్లలు ఇద్దరూ తేలిగ్గా తీసుకునేది దీన్నే. అది ఎదుగుదల పొరలో పగులు కావచ్చు. ఎక్స్‌రేలో, అందులో కనిపించకపోతే ఎంఆర్ఐలో తేలుతుంది. త్వరగా ఆపేస్తే కొన్ని వారాల విశ్రాంతితో మానుతుంది. అలాగే ఎక్కించుకుంటూ పోతే వేలు వంకరగా ఎదిగి జీవితాంతం అలాగే ఉండిపోవచ్చు. పిల్లలతో బిగుతు క్రింప్ పట్టు సాధన చేయించొద్దని వైద్యులు గట్టిగా చెప్పేది ఇందుకే.

మళ్లీ బండ మీదికి..

వేలికి దెబ్బ తగిలితే ఎక్కడం ఇక అయిపోయినట్టేనా అంటే కాదు. అమెరికా క్లైంబర్ టామీ కాల్డ్‌వెల్ 2001లో రంపం మిషన్‌లో ఎడమ చూపుడు వేలు పోగొట్టుకున్నారు. 2015 జనవరిలో ఆయనే, తోడుగా కెవిన్ జార్గెసన్‌తో కలిసి, యోసెమిటీలోని డాన్ వాల్‌ను వేళ్ల పట్టుతో ఎక్కేశారు. మధ్యలో గడిచింది పద్నాలుగేళ్లు. పుల్లీ తెగినవాళ్లు అంత ఆగక్కర్లేదు గానీ, నెల రోజులు ఆగమంటే విసుక్కునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవచ్చు.

తిరిగి ఎక్కే మొదటి నెలల్లో వేలికి టేప్ చుట్టుకుంటారు. చుట్టూ గుండ్రంగా చుట్టడం కంటే, టేపును రెండు వైపులా నిలువునా చీల్చి, నడిమి కణుపుకు పైన రెండు కొసలు, కింద రెండు కొసలు వచ్చేలా చుట్టే పద్ధతి మంచి ఫలితం ఇస్తుందని తేలింది. పుల్లీ పూర్తిగా తెగినవాళ్లు కనీసం ఆరు నెలలు ఇలా చుట్టుకోవాలి. వేలి కొన నీలంగా మారితే టేప్ బిగువు ఎక్కువైనట్టు. తెల్లవారుజామున చల్లటి రాయి మీద నేరుగా కష్టమైన దారి ఎత్తుకోకుండా, ముందు పావుగంట పెద్ద పట్లు ఉన్న చోట ఎక్కి దిగి వేళ్లు వేడెక్కించాలి. సన్నటి అంచు వచ్చినప్పుడు క్రింప్‌కు బదులు చాచిన వేళ్ల పట్టు అలవాటు చేసుకోవాలి. మొదట్లో పట్టు దొరకదు, జారుతుంది. ఒకట్రెండు నెలల్లో చేతికి వస్తుంది. ఉంగరాలు, రాగి కడియాలు, చేతికి కట్టిన తాళ్లు తీసి కిందే పెట్టి ఎక్కాలి. అంచుకు తగులుకున్న ఉంగరం పుల్లీతో ఆగదు, చర్మంతో సహా వేలినే ఒలుచుకు పోతుంది.